ఆమె కాలి కింద బ్రేకు

నా భార్య నా కారెక్కడం మానేశాక మేం కావేరిపట్టణానికి వెళ్లే పద్ధతి ఇలా ఉండేది. ఆమె హోసూరు బస్టాండులో ధర్మపురి బస్సెక్కి చివరి సీటులో కూర్చునేది. నేను ఆ బస్సు వెనకాలే కారు నడుపుకుంటూ వెళ్లేవాణ్ని. వెనక అద్దంలోంచి ఆమె అప్పుడప్పుడు తిరిగి చూసేది. నేను తల ఊపేవాణ్ని. నెలకోసారి ఆమె అక్కను చూడ్డానికి మా ప్రయాణం అది.

వదిన వీధరుగు మీదే ఎదురుచూసేది. చెల్లెలు ఆటో దిగడం, వెనకే నా కారు రావడం చూసి నవ్వేది.

"ఏమి మరిదీ, బస్సుకి కాపలా వచ్చినారా?"

"కారు నిలబెడితే చెడిపోతుంది వదినా. అందుకని తోలుకోని వచ్చినాను."

"అట్లనా. నా చెల్లెలు బస్సులో ఉండేది మీకు తెలీనే తెలీదు, పాపం."

నన్ను కూడా బస్సులోనే వెళ్లమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. మా ఇంటి మగవాళ్లు కమ్మి పట్టుకుని నిలబడి ప్రయాణం చేసి ఎరగరు. మత్తూరు వైపు మామిడి తోటలు ఇప్పుడు ఎవరెవరివో. హోసూరులో మా పెద్దిల్లు ఉన్నచోట అపార్టుమెంట్లు లేచాయి. వాటి వెనక, ఒకప్పుడు మా గుర్రబ్బండి నిలిపిన కొట్టాన్ని బాగుచేయించుకుని మేమిద్దరం ఉంటున్నాం. అయినా ఆ వాకిట్లో మా నాయన కారు ఉంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, గుడ్డ కప్పు. ఒక కాఫీ తోట దొర దేశం వదిలి పోతుంటే ఆయన కొన్నది. స్టీరింగు చక్రం, గడియారం, చివరికి చక్రాల లోపలి బ్రేకు డ్రమ్ములు కూడా ఆనాటివే. చూడవచ్చినవాళ్లను ఆ మాట చెప్పకుండా నేను పంపలేదు.

ఆ డ్రమ్ముల మూలంగానే ఆమె బస్సెక్కింది. శూలగిరి దాటాక మేలుమలై దగ్గర రోడ్డు కిందికి దిగుతుంది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం అక్కడ దిగుతుంటే నా కాలి కింద పెడలు మెత్తబడింది. డ్రమ్ము మూతపెట్టిన కుండలాంటిది. దిగుడులో అదేపనిగా తొక్కితే లోపల వేడి పేరుకుని పట్టు వదిలేస్తుంది. గేరు తగ్గిస్తూ, పక్కన మట్టి మెరక కనిపిస్తే దాని మీదికి ఎక్కించి ఆపాను. ఆమె కేక వేయలేదు. ఎదురుగా చూస్తూ, కుడికాలితో నేలను అదిమిపట్టి ఉంది.

అది ఆమె పెళ్లినాటి అలవాటు. నేను ఎక్కడ బ్రేకు వేయాలో అక్కడ ఆమె కూడా తనవైపు ఉత్త నేలను తొక్కేది. అలా తొక్కీ తొక్కీ అక్కడి చాపలో పాదమంత మేర అరిగి నూలు బయటపడింది.

ఆరోజు కృష్ణగిరి బస్టాండు దగ్గర, "నన్ను ఈడ దించండి" అంది.

"యాడికి?"

"అక్క ఇంటికే. నేను బస్సులో వస్తాను. మీరు నిదానంగా రండి."

కోపంగా అనలేదు. అందుకే దించాను.

కెలవరపల్లి దారిలో షెడ్డున్న మెకానిక్కు నాకు పాతికేళ్లుగా తెలుసు. నా కారును ముట్టుకోనిచ్చింది అతన్నొక్కణ్నే. నోరు పెద్దది, చెయ్యి మెత్తన. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టుకోమని అతను ఎన్నోసార్లు చెప్పాడు. డిస్కంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం. రెండు వైపులా బిళ్లలు దాన్ని పట్టి ఆపుతాయి. గాలికి తెరిచి ఉంటుంది కాబట్టి వేడి నిలవదు.

"మా నాయన కారుకి వేరే కారు బ్రేకులు పెట్టమంటావా?" అన్నాను.

"కారు మీ నాయినది దొరా, కాదనలేదు. మేలుమలై ఎవురి నాయినది?"

నేను కారు తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత ఒక వానరోజు శూలగిరి దగ్గర బస్సుకి అడ్డంగా మేకలు వచ్చాయి. బస్సు గక్కున ఆగింది. నేను తొక్కాను. కారు ఎప్పటిలాగే ఎడమకు లాగి, బస్సు వెనక బంపరుకు మూరెడు దూరంలో బురదలో నిలిచింది. తలెత్తి చూస్తే వెనక అద్దంలో నా భార్య ముఖం. సీటులోంచి సగం లేచి, నా వైపు తిరిగి, కమ్మిని రెండు చేతులా పట్టుకుని ఉంది.

కావేరిపట్టణంలో ఆటో దిగినప్పుడు ఆమె కుంటుతోంది.

"కాలికేమయింది?" అని అడిగాను.

"ఏమీ లేదు. సీటు కింద కమ్మి ఉండేది చూసుకోలేదు."

వదిన ఆమె కాలి వేలికి పసుపు రాస్తూ, "బస్సులో కూర్చోని కాలు ఎందుకమ్మా ఆడించినావు?" అంది. నా భార్య కాలు వెనక్కి లాక్కుంది. నాకు తెలిసిపోయింది. బస్సులో కూర్చుని కూడా ఆమె నా కారుకు బ్రేకు తొక్కింది.

మర్నాడే షెడ్డుకు వెళ్లి డిస్కులు పెట్టమన్నాను. మెకానిక్కు నన్ను ఏమీ అడగలేదు, అది అతని మంచితనం. ఒక మాట మాత్రం అన్నాడు.

"ముందర మాత్రం మారుస్తాను. వెనక డ్రమ్ములు ఉండనీ దొరా, అవి మీ నాయిన పేరు చెప్పుకోని ఉంటాయి."

మా కారు పరాయి షెడ్డులో నిద్ర చేయదు. కాబట్టి అతనే సామాను తెచ్చుకుని మా వాకిట్లో పని పెట్టుకున్నాడు. రోడ్డు మీద రోజూ తిరిగే చిన్న కారు డిస్కులు తెచ్చాడు. వాటి బిళ్లలుండే పట్టీలను బిగించడానికి లేతు మిషను మీద మందపాటి ఇనుప రేకులు చేయించాడు. బ్రేకు నూనె పోయే కొత్త గొట్టాలు వేశాడు. చివరికి గొట్టాల్లో గాలి తీసే పని మిగిలింది. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి. అప్పుడు చక్రం దగ్గర చిన్న మర వదులు చేస్తే నూనెతో పాటు గాలి బుడగలు కింద పెట్టిన సీసాలోకి వస్తాయి. మర బిగించాకే కాలు తీయాలి.

"మీరు నూనె డబ్బీ కాడ్నించి కదలొద్దు దొరా. నూనె తగ్గితే మళ్లీ గాలి పడతాది. తొక్కేదానికి ఇంగో కాలు కావల" అన్నాడు.

కాఫీ తెచ్చిన నా భార్య గ్లాసులు గోడ మీద పెట్టింది. "నేను తొక్కుతాను."

ఆ సీటులో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. చీర సర్దుకుని ఎక్కింది. ఎత్తిన బానెట్టుకీ అద్దానికీ మధ్య సందులోంచి ఆమె కళ్లు మాత్రం నాకు కనబడుతున్నాయి.

"తొక్కమ్మా. పట్టుకో, పట్టుకో. ఇప్పుడు విడువు." సీసాలో బుడగలు లేచాయి. "ఇంగా గట్టిగా తొక్కమ్మా. దొర మీద కోపమంతా కాల్లో పెట్టు."

"అట్లయితే పెడలు విరిగిపోతాదప్పా."

ముగ్గురం నవ్వాం. నూనె కొంచెం నా చొక్కా మీద ఒలికింది. చాలాసేపటికి బుడగలు ఆగాయి. మెకానిక్కు మర బిగించి, మళ్లీ తొక్కమన్నాడు. ఆమె తొక్కింది. సందులో ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"రాయి మాదిరి ఉంది" అంది. ఇంకోసారి తొక్కింది, ఎవరూ చెప్పకుండానే. "ఇన్నాళ్లూ ఉత్త నేల తొక్కినాను కదా. ఇది నా కాలిని తిరిగి ఒత్తుతా ఉంది."

నేను నూనె డబ్బీకి మూత బిగించాను.

విప్పిన డ్రమ్ములు రెండూ నూనె గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టాను. వారం తిరక్కుండా వాటిలో ఒకటి కనకాంబరాల కుండీ కిందికి వెళ్లింది. నేను చూడనట్టే ఉన్నాను.

తర్వాతి ప్రయాణం నాటికి కారెక్కమని నేను అడగలేదు. ఎలా అడగాలో తెలియలేదు. పొద్దున్నే కారు బయటికి తీసి, ఇంజను ఆపకుండా కూర్చున్నాను. ఆమె సంచీ పట్టుకుని వచ్చి ఎడమవైపు తలుపు తీసింది.

"బస్టాండుకేనా?" అన్నాను.

"బస్టాండు దాటినాక చెప్తాను. పోనీండి."

బస్టాండు దాటింది. ఆమె ఏమీ చెప్పలేదు. శూలగిరి దాటింది. మేలుమలై దిగుడులో మా ముందు టమాటా బుట్టల లారీ ఒకటి నిదానించింది. నేను తొక్కాను. కారు ఎడమకు పోలేదు. తలవంచుకుని నడిచే మనిషిలా తిన్నగా, మెల్లగా తగ్గింది. ఓరగా కిందికి చూశాను. ఆమె కుడికాలు అరిగిన చాప మీద, పాత చోటునే అదిమి ఉంది.

"నువ్వెందుకు తొక్కినావు?"

"ఇద్దరం తొక్కితే కదా ఇంత బాగా నిలిచింది" అంది. కాలు తీసి, చీర కుచ్చిళ్ల కింద ముడుచుకుంది. దిగుడు అయిపోయేదాకా మళ్లీ చాచలేదు.

కావేరిపట్టణంలో వదిన అరుగు దిగి వచ్చి, కారు దాటి రోడ్డు చివరిదాకా చూసింది.

"బస్సు యాడ మరిదీ?"

నేను నోరు తెరిచేలోగా ఎడమవైపు తలుపు తెరుచుకుంది.

"వెనక వస్తా ఉందిలే అక్కా" అంది నా భార్య.