స్క్రూడ్రైవర్ పిడిలో చప్పుడు

2006 ఆగస్టు 12, శనివారం. అర్ధరాత్రి దాటాక రెండూ పదికి మొదలైంది. తారీఖులు తప్పు చెప్పే అలవాటు నాకు లేదు. నమ్మకపోతే మానెయ్యండి... కల అని మాత్రం అనకండి. లేచాను, గడియారం చూశాను, మంచినీళ్ళు తాగాను. ఆ తర్వాతే జరిగింది.

మా ఆయన నారాయణప్ప పీణ్య ఫ్యాక్టరీల పేటలో లేత్ మెషిన్ల ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆ మార్చిలో ఆయన పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బిందని, తొడ దగ్గర నుంచి ఒక గొట్టం పంపి లోపల అమర్చారు. రక్తం ఆ గొట్టంలోంచే పోవాలి. పక్కలకు కారితే ఉబ్బు పగులుతుంది. కారుతున్నట్టు తేలితే మళ్ళీ ఆపరేషన్.

"మళ్ళీ చెయ్యాల్సొస్తుందా, రాదా? ఒక లెక్క చెప్పండి" అని డాక్టర్ని అడిగాను.

"నూరుమందిలో ఎంతమందికి వస్తుందో చెప్తానమ్మా. మీ ఆయనకి వస్తుందా అంటే... చెప్పలేను. స్కానింగులకి మాత్రం తప్పకుండా రండి."

అదేం లెక్క?

ఇంటికొచ్చాక ఆయన తన పద్ధతి మొదలుపెట్టారు. ఫిట్టర్లు పొడుగు స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న మెషిన్‌కి ఆనించి, చెక్క పిడిని చెవికి పెట్టుకుంటారు. లోపల బేరింగ్ అరిగిందో లేదో చప్పుడే చెబుతుంది. ఈయన రోజూ పడుకునే ముందు మంచం మీద వంగి కూర్చుని, మొనను పొట్టకి, పిడిని చెవికి పెట్టుకునేవారు.

"బేరింగ్ బ్రహ్మాండంగా ఉండాది లేవే. పదేళ్ళు గ్యారంటీ."

"గ్యారంటీ కార్డు యాడుండాది? చూపించండి" అనేదాన్ని.

ఆ రాత్రి ఆయన వెల్లకిలా నిద్రపోతున్నారు. స్క్రూడ్రైవర్ దిండు పక్కనే ఉంది. ఎందుకు తీశానో తెలియదు. మొనను మెల్లగా బనియన్ మీద ఆనించాను. పిడి నా కుడి చెవికి...

ధప్... ధప్... మధ్యలో సన్నగా, సరిగా కట్టని కొళాయిలా... స్స్...

నా చెవిలో రక్తం చప్పుడేమో అనుకున్నాను. మణికట్టు పట్టుకున్నాను. నా నాడి కాదు, నాది వేగంగా ఉంది. ఆయన మెడ దగ్గర వేలు పెట్టాను. ఆయనదీ కాదు. ఇది మా ఇద్దరికంటే నెమ్మది. ఒక ధప్‌కీ ఇంకో ధప్‌కీ మధ్య నేను ఒక ఊపిరి తీసి వదలగలిగాను.

స్క్రూడ్రైవర్ పైకెత్తాను. మొన ఇప్పుడు దేన్నీ తాకడం లేదు. గాల్లో ఉంది.

ధప్......

స్స్......

ధప్.

"ఏమండీ... లెయ్యండి. ఇది వినండి."

ఆయన పిడిని చెవికి పెట్టుకున్నారు. చాలాసేపు విన్నారు. "ఏమీ లేదు కదే. నీకు నిద్ర చాల్లేదప్పా. పండుకో" అని అటు తిరిగి పడుకున్నారు.

సోమవారం పట్టుబట్టి స్కానింగ్‌కి తీసుకెళ్ళాను. "ఎక్కడా కారడం లేదమ్మా. ఉబ్బు కూడా పెరగలేదు" అన్నాడు డాక్టరు.

"నాకు వినపడింది."

"ఏం వినపడింది?"

స్క్రూడ్రైవర్ నా సంచిలోనే ఉంది. బయటికి తీయలేదు. ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. ఆ తర్వాత ఎన్ని రాత్రులు విన్నా, పిడిలో ఏ చప్పుడూ లేదు.

నవంబర్ 23, గురువారం సాయంత్రం నడుములో పోటన్నారు. ఆటోలో నా భుజం మీద తల వాల్చి, "గ్యారంటీ అయిపోయినట్టుండాదే" అన్నారు. ఆస్పత్రికి చేరేసరికి ఉబ్బు పగిలింది. నన్ను అద్దం తలుపు బయటే నిలబెట్టారు. లోపల మానిటర్ చప్పుడు వినబడుతోంది. మొదట పరుగు. తర్వాత నెమ్మది... ఇంకా నెమ్మది... ఒక చోట నా చెయ్యి దానంతటదే కుడి చెవి దగ్గరికి వెళ్ళింది. అదే నడక. రెండు చప్పుళ్ళ మధ్య సరిగ్గా నా ఒక్క ఊపిరి. నేను తీశాను, వదిలాను... తీశాను...

ఆ రాత్రి నేను విన్నది స్కానింగ్‌కి అందకుండా రక్తం కారడమా? ముసలి చెవి చేసిన మోసమా? లేక నవంబర్‌లో రావలసింది ఆగస్టులోనే వినిపించిందా? డాక్టర్ని అడిగాను. ఈసారి కూడా చెప్పలేనన్నాడు.

పోయినవి: మా ఆయన, అరవై ఎనిమిదేళ్ళు. నలభై నాలుగేళ్ళ కాపురం. ఆ ఏడాది తిరిగేలోగా నా కుడి చెవిలో వినికిడి.

స్క్రూడ్రైవర్ ఉంది. ఎడమ చెవికి ఇంతవరకూ పెట్టుకోలేదు.