అధ్యక్షులవారి తలపాగా వెనక

రాజధాని వచ్చాక మా కర్నూలులో అద్దె ఇళ్లకు కరువొచ్చింది గాని క్లబ్బులకు రాలేదు. నేను చేరింది స్పోర్ట్స్ కార్ల క్లబ్బులో. ఈ రోజు మా మొదటి పందెం జరిగింది. నంద్యాల నుంచి మహానందికి ఎవరు ముందు చేరితే వారికి వెండి కప్పు.

మా అధ్యక్షులు రెడ్డిగారి కారు అందరి కార్లకన్నా ఖరీదైనది. దానికి పైకప్పు లేదు. వేగం పెంచితే పట్టు తలపాగా ఎగిరిపోతుందని ఆయన ఊరేగింపులాగా నడిపారు. మిగతా నలుగురం ఆయన లేపిన దుమ్ము తింటూ వెనకే పోయాం. ఉండబట్టలేక నేను హారన్ మీద చెయ్యి వేస్తే, పక్కనున్న మా బావమరిది గభాలున పట్టుకున్నాడు.

"ఏం బావా, రెడ్డిని దాటిపోతావా? రేపు ఊర్లో యాడ తిరుగుతావు?"

"ఇది పందెంరా!"

"పందెమైతే? మర్యాద ఉండొద్దా?"

ఇంతలో ఒక ఎద్దులబండి మా ఐదు కార్లనూ దాటేసింది. బండి తోలే ఆయన రెడ్డిగారి కారును దాటుతూ జాలిగా అడిగాడు.

"ఏం సామీ, మోటారు చెడిపోయిండాదా? తాడుండాది, ఎద్దులకు కట్టి లాగమంటావా?"

రెడ్డిగారు తలపాగా పట్టుకుని మొహం అవతలికి తిప్పుకున్నారు.

మహానందిలో కప్పు రెడ్డిగారికే ఇచ్చాం. అప్పటికే ఎద్దులకు నీళ్లు తాపి నీడన కూర్చున్న ఆ బండాయన, మా అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

మీ ఊళ్లో ఎట్లాగో కాస్త చెప్పండి. మా ఊళ్లో మాత్రం ముందు చేరినవాడు చప్పట్లు కొడతాడు.