మూడు లాంచీలకూ ఒకే వంటగది

మా పెదనాన్న పోయి నెల కావస్తోంది. రాజమండ్రిలో లాంచీ ఎక్కి పాపికొండలు చూసొచ్చినవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువే. ఆయన చేసిన బల్లల మీద కూర్చున్నవాళ్లు మాత్రం చాలామంది.

ఆయన లాంచీల లోపలి చెక్కపని చేసే మేస్త్రి. ఒకే యజమానికి మూడు లాంచీలు అమర్చిపెట్టారు. మూడింట్లోనూ అవే ఆకుపచ్చ రెక్సిన్ బల్లలు, అదే మూల అద్దం, వెనక అదే ఇరుకు వంటగది.

"ఒకటి చూస్తే మూడూ చూసినట్టే కదా పెదనాన్నా, మీకు ఇంకో డిజైన్ రాదా ఏంటి?" అని ఏడిపించేదాన్ని.

"రాదమ్మా" అని నవ్వేసి, చెవి మీది పెన్సిలు తీసి పనిలో పడిపోయేవారు.

పెళ్లయిన కొత్తలో మేమూ పాపికొండలు బయల్దేరాం. పట్టిసీమలో దిగి దర్శనం చేసుకొచ్చి, నా బల్ల మీద నేను హాయిగా కూర్చున్నాను. లాంచీ కదిలాక చూద్దును కదా, పక్కనున్నది మా ఆయన కాదు. ఆయన వెనక లాంచీలో నిలబడి నా హ్యాండ్‌బ్యాగు ఊపుతున్నారు.

అలా వేరే లాంచీ ఎక్కేసింది నేనొక్కదాన్నే కాదట. యజమానికి చిర్రెత్తుకొచ్చింది.

"మేస్త్రిగారూ, జనం ఏ లాంచీ దిగారో తెలీక తికమకపడుతున్నారండి. లోపల ఒక్కోటీ ఒక్కోలా మార్చెయ్యండి" అన్నాడు.

"రంగులు మారుస్తాను, బల్లలు మారుస్తాను. వంటగది మాత్రం కదపనండి" అన్నారు పెదనాన్న.

"అయితే ఇంకో మేస్త్రిని చూసుకుంటాను."

"చూసుకోండి."

ఉన్న పని పోగొట్టుకుంటున్నారని ఇంట్లో అందరం తలలు పట్టుకున్నాం. అప్పుడు నా ఒక్కదానితో చెప్పారు పెదనాన్న. ఆ మూడు లాంచీల్లో రోజుకొకదాంట్లో వంట మా పెద్దమ్మది. ఆవిడ చూపు మసకబారుతోంది. తెలిస్తే వంట మాన్పించేస్తారని ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా. ఈయన కనిపెట్టేసి, కనిపెట్టనట్టే ఉండిపోయారు.

"మీ పెద్దమ్మ చెయ్యి వెతుక్కోకూడదమ్మా. వెతుక్కుంటే నలుగురూ చూస్తారు" అన్నారు.

నీళ్లకి ఆగే చెక్కపని ఆయనలా చేసేవాళ్లు దొరక్క, కొన్నాళ్లకి యజమానే దిగొచ్చాడు. బల్లలకి నీలం, ఎరుపు, పసుపు వచ్చాయి. వంటగదుల్లో ఒక్క అరా కదల్లేదు. అలాంటి మనిషి ఒళ్లో పెరిగాను. అంతకంటే అదృష్టం ఏం కావాలి నాకు.

మొన్న పెద్దమ్మ మళ్లీ పనిలోకి వెళ్తానంటే తోడు వెళ్లాను. రేవులో, లాంచీ మెట్టు దగ్గర చెయ్యి అందించాను.

"వద్దులేవే" అంది. మెట్టెక్కుతూ, "నాకు సరిగ్గా కనబడట్లేదని మీ పెదనాన్నకి చెప్పనేలేదే. తెలిస్తే బెంగ పెట్టుకుంటారని. పోనీలే, ఆ దిగులు లేకుండానే వెళ్లిపోయారు" అంది.

ఆవిడ వంగి వంటగది గుమ్మం దాటింది. నా వైపే ముఖం తిప్పి ఏదో మాట్లాడుతూ, పక్కకి చెయ్యి చాచింది. అగ్గిపెట్టె చేతికి అందింది.