విప్పేముందు మూడు ప్రశ్నలు

"స్క్రూడ్రైవర్ ఆఖరున తల్లీ, ముందు నోరు. మెషిన్ ఆగిపోయిందని ఎవరైనా తెచ్చి నా ముందు పెడితే, నేను దాని వంక చూడను. తెచ్చినవాళ్ల మొహం చూస్తాను."

పిన్నిగారు ఈ మాట అంటూ, ఊడదీసిన చిన్న స్క్రూను బల్లమీద జిగురు పైకి ఉండేలా పరిచిన టేపుకి అద్దారు. టేపు మీద అప్పటికే మరో మూడు స్క్రూలు వరసగా ఉన్నాయి. ఏది ముందు ఊడిందో అది ఎడమవైపు, తర్వాతది దాని పక్కన. ఎదురుగా గోళ్లు అరగదీసే మెషిన్ ఒకటి, చిన్న డబ్బా, దానికి వైరు, వైరు చివర పెన్నులాంటి పిడి. పార్లర్లలో దాన్ని పెన్ను అనే అంటారు. దాని మూతిలో అరగదీసే బిట్ పెట్టి బిగిస్తారు.

నేను కింది వాటాలో ఉంటాను. సోమవారం పార్లర్లకి సెలవు కాబట్టి మెషిన్లన్నీ ఆ రోజే పిన్నిగారి గదికి వస్తాయి, వాటి వెనకే నేనూ వస్తాను. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద వంచి పెట్టుకునే దీపం, మూత ఊడిన పాత బిస్కెట్ డబ్బాలో పనిముట్లు. ఆవిడ పని చేస్తూ మాట్లాడతారు. చేతులు ఆగితే మాట కూడా ఆగుతుంది.

ఆ ప్రశ్నలేమిటని అడిగాను. మూడే మూడట. ఆగేముందు ఏం చేస్తోంది? ఆగేటప్పుడు ఏ చప్పుడు చేసింది? ఆఖరున ఎవరు ముట్టుకున్నారు?

"మొదటి రెండింటికీ గడగడా చెప్పేస్తారు. మూడోదాని దగ్గరికొచ్చేసరికి అందరికీ గొంతులో వెలక్కాయ పడుతుంది," అని నవ్వారు.

పిన్నిగారు ముప్పై ఒక్క ఏళ్లు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టారు. అక్కడ మెషిన్ ఆగితే చెయ్యెత్తి కూర్చోవాలి, మెకానిక్ వచ్చేదాకా వేలు పెట్టకూడదు. మెషిన్లు నూట ఇరవై, మెకానిక్ ఒక్కడు. ఆయన పెళ్లికొడుకులా తీరిగ్గా వచ్చేవాడట. ఆ కాసేపూ తోటివాళ్లు నడుం వాల్చేవాళ్లు, కబుర్లాడుకునేవాళ్లు. ఈవిడ మాత్రం ఆయన చేతుల వంక కళ్లప్పగించి చూసేవారు. ఏ స్క్రూ ముందు తీశాడు, ఎక్కడ చెయ్యి పెట్టి చూశాడు, ఏ ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అలా నాలుగైదేళ్లు చూశారు. ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేవాడు కాదని ఆవిడకి తెలుసు.

ఒకరోజు ఆయన సెలవు పెట్టాడు. ఆ రోజే ఈవిడ వరసలో నాలుగు మెషిన్లు మొండికేశాయి. సాయంత్రం సరుకు వెళ్లాలి. సూపర్‌వైజర్ ఫోన్ల మీద ఫోన్లు చేసి వచ్చేసరికి వాటిలో రెండు నడుస్తున్నాయి, మూడోదాని పొట్ట విప్పి ఉంది. ఆయన కాసేపు నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టి తిట్టి అలిసిపోయి, నాలుగోదాని వైపు వేలు చూపించాడు.

ఆ తర్వాత ఏ వరసలో మెషిన్ ఆగినా ఈవిడకే కబురు వచ్చేది. కార్డు మీద మాత్రం చివరిదాకా 'కుట్టుపని' అనే ఉంది. అది మార్పించుకోలేదేమని అడిగాను. "మెషిన్‌కి చదవడం రాదుగా," అన్నారు.

జిగురు టేపు అలవాటు కూడా అక్కడిదే. ఒకసారి తొందరలో స్క్రూలు తారుమారు చేశారట. ఆ మెషిన్ మూడు రోజులు తుమ్ముతున్నట్టు నడిచింది. కుట్టేవాళ్లు దానికి జలుబు చేసిందని ఏడిపించారు. ఆ వెక్కిరింత ఇంకా మరిచిపోలేదు.

ఈ గోళ్ల మెషిన్ల పని కోడలి వల్లే మొదలైందని విన్నాను, ఆ సంగతి చెప్పమంటే మొదట మొహం గంభీరంగా పెట్టుకున్నారు. ఆ అమ్మాయి కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు పిన్నిగారు వంటింట్లోకి కాదు, ఇంట్లో ఉన్న కుట్టుమెషిన్ దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టుకున్నారు. ఆదివారం ఆదివారం దానికి నూనె వెయ్యడం ఇంటి ఆచారం. ఎక్కడెక్కడ చుక్క వెయ్యాలో చూపించి, మెషిన్ నోరు తెరిచి అడగదు, మనమే కనిపెట్టి పొయ్యాలి అని చెప్పారు. ఆ అమ్మాయి ఆ మాట మనసులో పెట్టుకుంది. ఎంత గట్టిగా పెట్టుకుందో తర్వాత తెలిసింది.

కోడలు ఆరునెలలు గోళ్ల పని నేర్చుకుంది. రెండు వీధుల అవతల ఒక పార్లర్‌లో కుర్చీ దొరికింది. నెల రోజులు చూస్తాననీ, నచ్చితే కుర్చీ నీదేననీ ఓనరమ్మ చెప్పింది. అక్కడ ఆరు కుర్చీలు, ఆరు మెషిన్లు. అన్నీ ఓనరమ్మవే. అద్దం పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉండేది: ఎవరి చేతిలో మెషిన్ పాడైతే వారి కుర్చీ ఖాళీ. అంతకు ముందు ఏడాది రెండు మెషిన్లు కాలిపోయాయట. ఎవరిని అడిగినా తమకు తెలియదన్నారు. ఆ కోపంతో రాసిన కాగితం అది.

నెల పూర్తయ్యే రోజే మధ్యాహ్నం కోడలి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మెషిన్ తిరగనంటోందట. బ్యాంకులో పనిచేసే ఒకావిడ కూర్చుని ఉంది. పాత రంగు ఆరు వేళ్లకి తీశాక ఏడో వేలి దగ్గర ఆగిపోయింది. పిన్నిగారు బిస్కెట్ డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరారు.

ఓనరమ్మకి ఆవిడ రావడం నచ్చలేదు. కంపెనీ మనిషి రెండు రోజుల్లో వస్తాడు, ఎవరూ విప్పొద్దు అంది. విప్పను, అడుగుతాను అన్నారు పిన్నిగారు. మొదటి ప్రశ్నకి కోడలు జవాబు చెప్పింది. రెండోదానికీ చెప్పింది. కాసేపు సన్నగా గొణిగిందట, తర్వాత గుర్రుమందట, ఆ తర్వాత డబ్బా మీద ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఉండిపోయిందట.

మూడో ప్రశ్న అడగ్గానే ఓనరమ్మ పక్క కుర్చీ అమ్మాయి వంక చూసింది. ఆ పిల్ల పొద్దున తన మెషిన్ ఛార్జింగ్‌లో ఉందని దీన్ని ఒక పావుగంట వాడుకుంది, అందరూ చూశారు. ఆ పిల్ల మొహం పాలిపోయింది. కోడలు నోరు మెదపకపోతే చాలు, నింద దాని మీదికి పోతుంది, కుర్చీ నిలుస్తుంది.

"నేనే అత్తయ్యా," అంది కోడలు. "నిన్న సాయంత్రం పెన్ను మూతిలో రెండు చుక్కల నూనె వేశాను. గోళ్ల చుట్టూ రాసే నూనె. మెత్తగా తిరుగుతుందని."

ఇక్కడ పిన్నిగారి చేతులు ఆగాయి, మాట మాత్రం ఆగలేదు. దీపం కిందినుంచి తలెత్తి నా వంక చూశారు.

"నా చెవులు కాలాయి తల్లీ. నా నోటి మాటే దాని చేత్తో జరిగింది. ఇల్లంతా తెలిసిన మెషిన్‌కి చెప్పిన మాట, తెలియని మెషిన్‌కి కూడా పనికొస్తుందనుకుంది. నేను 'కుట్టుమెషిన్‌కి' అని ఒక్క మాట కలిపి ఉంటే పోయేది."

ఓనరమ్మ గోడ మీది కాగితం వంక చూసింది. పిన్నిగారు, ముందు మెషిన్ సంగతి చూద్దాం, తర్వాత గోడ సంగతి అన్నారు. బ్యాంకు ఆవిడ తనకి ఇంకా నాలుగు వేళ్లు మిగిలాయనీ, తనెక్కడికీ వెళ్లననీ చెప్పింది. దాంతో ఓనరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

తర్వాత జరిగింది పిన్నిగారు నాకు మెషిన్ మీదే చేసి చూపించారు. ముందు ప్లగ్గు చూశారు. కాలితో నొక్కే పెడల్ లేకుండా చేతి బటన్‌తో నడిచేలా మీట ఉందో లేదో చూశారు. అది సరిగ్గానే ఉంది. తర్వాత పక్క కుర్చీ పెన్ను తెచ్చి ఈ డబ్బాకి తగిలించారు. తిరిగింది. అంటే డబ్బా మంచిదే, వైరు రంధ్రం మంచిదే, జబ్బు పెన్నులో ఉంది. సగం మంది ఇక్కడే పొరపాటు పడి డబ్బా విప్పేస్తారట, పొట్టలో నొప్పంటే తల కోసినట్టు.

డబ్బా నుంచి వైరు పీకేసి పెన్ను మూతి తిప్పి చూస్తే బిట్ ఊడి రాలేదు. గోళ్ల పొడి ఆ నూనెలో కలిసి, బిట్‌ని పట్టుకునే మూడు పళ్ల మధ్యలో మైదాపిండి జిగురులా గడ్డకట్టుకుపోయింది. తిరగలేక మోటారు బరువెక్కితే డబ్బా దానంతట అదే కరెంటు ఆపేసింది. ఆ ఎర్రదీపం అదే చెప్పింది. అది ఆపకపోతే మోటారు కాలి ఉండేది. రంగు తీసే మందుతో కడుగుదామని పక్క అమ్మాయి సీసా అందించింది. పిన్నిగారు వద్దన్నారు. అది ప్లాస్టిక్‌ని తినేస్తుంది. చేతులు తుడిచే స్పిరిట్ తీసుకుని, సూదికి దూది చుట్టి, ఒక్కో పన్నూ తుడిచారు. నల్లటి ముద్దతో పాటు పాత బిట్ కూడా కాగితం మీదికి రాలింది. పూర్తిగా ఆరేదాకా విసనకర్రలా అట్టముక్కతో విసురుతూ నిలబడ్డారు. ఆ అరగంటా మాటలన్నీ బ్యాంకు ఆవిడవేనట. ఆవిడ తన అత్తగారి గురించి ఏదో చెప్పుకుంటూ పోయింది.

ఆరాక కొత్త బిట్ పెట్టి మూతి బిగించారు. బిట్ లేకుండా, మూతి బిగించకుండా ఎప్పుడూ నడపకూడదని కోడలికి చెబుతూనే బిగించారు. అన్నిటికన్నా తక్కువ వేగంలో పెట్టి బటన్ నొక్కి, పెన్నుని మణికట్టు లోపలివైపు ఆనించుకున్నారు. వేడి లేదు, అదురు లేదు. కోడలి మణికట్టుకి కూడా ఆనించి, తెలుస్తోందా అని అడిగారు. కోడలు తలూపింది.

ఓనరమ్మ నమ్మలేదు. తన బొటనవేలు చాపి, దీని మీద పట్టి చూపించు అంది. కోడలు పట్టింది. గోరు మీద గీత పడలేదు, చర్మం మీద వేడి తగల్లేదు. అప్పుడు పిన్నిగారు నోరు విప్పారు.

"నూనె నేర్పింది నేను. మీ కాగితం ప్రకారం కుర్చీ ఖాళీ చెయ్యాల్సింది నేనే. కానీ మీరు నాకు కుర్చీ వెయ్యలేదు, వచ్చినప్పట్నుంచీ నిలబడే ఉన్నాను."

బ్యాంకు ఆవిడ ముందు నవ్వింది. తర్వాత పక్క కుర్చీ అమ్మాయి. ఓనరమ్మ నవ్వు ఆపుకోబోయి ఓడిపోయింది. మిగతా నాలుగు వేళ్లూ కానియ్యమ్మా అని కోడలితో అని, పిన్నిగారికి స్టూలు లాగి వేసింది. మర్నాడు ఆ కాగితం చించేసిందట. ఇప్పుడు వేరేది ఉంది: పాడైతే చెప్పాలి. చెప్పకపోతే కుర్చీ ఖాళీ.

అలా మొదలైంది ఈ సోమవారాల పని. ఆ పార్లర్ ఆరు మెషిన్లతో మొదలై, ఇప్పుడు నాలుగు పార్లర్లవి వస్తున్నాయి. కోడలు కూడా సాయంత్రం వచ్చి పక్కన కూర్చుంటుంది. స్క్రూలు టేపుకి అద్దడం దాని పనే. పోయిన సోమవారం ఒక మెషిన్‌కి వైరు లోపల తెగిందని అత్తగారికన్నా ముందు అదే కనిపెట్టింది. వైరు మొదట్లో వంచితే తిరుగుతోంది, వదిలితే ఆగుతోందట. ఈ మాట చెబుతున్నప్పుడు పిన్నిగారు దీపాన్ని అవసరం లేకపోయినా రెండుసార్లు సర్దారు.

మెషిన్ బాగుచేసినందుకేనా మీకింత గర్వం అని అడిగాను.

"బాగుచెయ్యడం నాకు కొత్తా? ముప్పై ఏళ్లుగా చేస్తున్నదేగా. అంతమందిలో, కుర్చీ పోతుందని తెలిసీ, 'నేనే' అంది చూడూ. ఫ్యాక్టరీలో మూడో ప్రశ్నకి ఆ జవాబు నేనెప్పుడూ వినలేదు." తర్వాత గొంతు తగ్గించారు. "దాని ముందు ఈ మాట అనకు. నెత్తికెక్కుతుంది."

ఆఖరి స్క్రూ బిగించి, బటన్ నొక్కి, మణికట్టుకి ఆనించుకున్నారు. మొహంలో ఏ మార్పూ లేదు, తల మాత్రం ఒకసారి ఊగింది. కిటికీలోంచి కిందికి చూసి, ఇక లే అన్నట్టు నా భుజం తట్టారు.

"కింద గేటు దగ్గర ఎవరో పచ్చ సంచీ పట్టుకుని ఇల్లు వెతుక్కుంటోంది, మెషిన్ తెచ్చినట్టుంది. దిగేటప్పుడు పైకి పంపించు తల్లీ. ఖాళీగా ఉన్నానని మాత్రం చెప్పకు, పనిలో ఉన్నారని చెప్పు."