తిమ్మరాజు సారు పాళీ

హిందూపురంలో హిదాయతుల్లా ఇల్లు ఎక్కడని అడిగితే నలుగురు హిదాయతుల్లాల ఇళ్లు చూపిస్తారు. పెన్నుల హిదాయతుల్లా అని అడగండి, అలాంటివాడు ఒక్కడే. పట్టుగూళ్ల మార్కెట్టుకు పోయే దారిలో, జిరాక్సు కొట్టుకూ గాజుల కొట్టుకూ నడుమ, మనిషి నిలబడితే రెండు భుజాలూ గోడలకు తగిలేంత సందులో ఆయన దుకాణం. వయసు అరవై రెండు. ఇంకు పెన్నులు పోయి బాల్‌పెన్నులు వచ్చాయి, అవీ పోయి అందరూ బొటనవేలితో ఫోన్ల మీద రాసుకునే రోజులొచ్చాయి. అయినా ఆయన మాత్రం ఆ సందులోంచి కదల్లేదు. కదలకపోవడానికి కారణం పట్టుదల అని ఆయన చెప్పుకుంటాడు. వేరే పని చేతకాదని ఆయన భార్య షరీఫాబీ చెబుతుంది. ఇద్దరిదీ నిజమే.

ఆయన పనితనమంతా ఒక్కచోట ఉంది. ఒక కంపెనీ పెన్నుకు ఇంకో కంపెనీ పాళీ బిగించడం. ఇదేం పెద్ద విద్య అనుకునేవాళ్లు ఇంట్లో ఒకసారి ప్రయత్నించి చూడవచ్చు. మర్నాడు పగిలిన పెన్ను పట్టుకుని ఆయన దగ్గరికే వస్తారు. పాళీ ఒక వెంట్రుకవాసి వెడల్పయితే గొట్టం చీలుతుంది, సన్నమైతే సిరా కారి జేబు నల్లబడుతుంది. పాళీ కింద ఆనుకుని ఉండే నాలుకను వేడినీళ్లలో ముంచి, మెత్తబడగానే బొటనవేలితో నొక్కి, కొత్త పాళీ వంపుకు తగ్గట్టు తిప్పుకోవాలి. అందుకే ఆయన కుడి బొటనవేలి మీద చర్మం కాలికాలి చెప్పు తోలులా మొద్దుబారింది.

నాలుగేళ్లుగా ఆదివారాలు బెంగళూరు నుంచి కుర్రకారు రైలెక్కి వస్తున్నారు. జర్మనీ పెన్ను, జపాను పాళీ, ఇంకేదో దేశం నాలుక. మూడింటికీ ఆయన పెళ్లి చేసి పంపాలి. వాళ్లు ఆ పని ఫోన్లలో వీడియో తీసుకుని పదిమందికి చూపించారు. అప్పటినుంచి మన హిదాయతుల్లా తల కొంచెం పైకి లేచింది. "యా కంపెనీదైనా ఈడికే రావాల" అనడం మొదలుపెట్టాడు. అయితే ఒక పద్ధతి మాత్రం ఎన్నడూ తప్పలేదు. పెన్నులోంచి తీసిన పాత పాళీ ఎంత పనికిరానిదైనా కాగితంలో చుట్టి పెన్నుగలవాళ్ల చేతిలో పెట్టేవాడు. పోయిన ఏడాది ఆషాఢం వరకూ.

ధర్మవరం తిమ్మరాజు సారు బళ్లో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆయన అక్షరం చూసినవాళ్లు మళ్లీ చూడాలనుకుంటారు. ధర్మవరంలో ప్రేమ్ కుమార్ పట్టుచీరల కొట్టులో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్లిచీర కొన్నవాళ్లకు చీర మడతలో చిన్న అట్ట పెట్టి ఇస్తారు. దానిమీద పెళ్లికూతురి పేరూ నేసిన మనిషి పేరూ పక్కపక్కన ఉంటాయి. అది రాసేది తిమ్మరాజు సారే. చీర చిరిగి బొంతగా మారినా ఆ అట్టను పెట్టెలో దాచుకున్న ఆడవాళ్లు ఉన్నారు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి సారుకు పనుండదు. ఏటా ఆ నెలలో ఒకరోజు హిందూపురం వచ్చి పెన్నును కడిగించుకుని పోయేవాడు.

పోయిన ఆషాఢంలోనూ అలాగే వచ్చాడు. పెన్ను ఇచ్చి, ఊళ్లో పనులు చూసుకుని సాయంత్రం వస్తానని పోయాడు. హిదాయతుల్లా కడిగాడు, సిరా నింపాడు, అలవాటుగా ఉర్దూలో తన పేరు రాసి చూశాడు. పేరుతో ఆగలేదు. ఒక వరుస రాశాడు, తర్వాత పేజీ నింపేశాడు. నలభై ఏళ్లు ఒకే చేతికింద నలిగిన మెత్తటి బంగారు పాళీ అది. చిన్నప్పుడు పెదనాన్న రెల్లుకలంతో దిద్దించిన లావూ సన్నమూ మళ్లీ కాగితం మీదికి వచ్చాయి. ఇన్ని వేల పాళీలు చేతిలోకొచ్చినా ఒక్కటీ ఆయనకు అలా రాసిపెట్టలేదు. అడగాలని అనిపించలేదా అంటే, అనిపించింది. సారు లేదంటాడేమోనని భయం కూడా అనిపించింది. డబ్బాలో అదే కొలతకు వేరే కంపెనీ పాళీ ఒకటి, బంగారు పూతది, ఉండనే ఉంది. నాలుకను వేడినీళ్లలో ముంచాడు.

సాయంత్రం సారు వచ్చి, "ఏమప్పా, అయిందా?" అన్నాడు.

"అయింది సార్. కడిగినా, అంతే."

కంట్లో శుక్లాలు తీయించుకున్నాక దగ్గరి సన్నగీతలు ఆనని మనిషి, పాళీ మీద చెక్కిన కంపెనీ పేరు చూడగలడా? జేబుకు పెట్టుకుని, బాగుండమని చెప్పి పోయాడు.

ఆ పాళీని హిదాయతుల్లా తన చైనా పెన్నుకు బిగించుకున్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఉర్దూకు మొన ఏటవాలుగా ఉండాలి. తెలుగుకు అరిగి అరిగి గుండ్రబడిన ఆ మొనను రెండు రోజులు కూర్చుని సన్నరాయి మీద ఏటవాలుగా అరగదీశాడు. గోరయితే మళ్లీ పెరుగుతుంది, పాళీ పెరగదు. అది తెలిసీ అరగదీశాడు. తర్వాత రోజూ పొద్దున ఫజర్ నమాజు అయ్యాక నాలుగు వరుసలు దేవుడి మాటలు రాసుకోవడం మొదలుపెట్టాడు. షరీఫాబీ చూసి మురిసిపోయింది. ఈ వయసులో మనిషికి దేవుడి మీద మనసు మళ్లిందని తన చెల్లెలికి ఫోను చేసి చెప్పింది.

పది నెలలు గడిచాయి. హిదాయతుల్లా చెల్లెలి కూతురు షహీన్‌కు పెళ్లి కుదిరింది. మేనమామ చీర పెట్టాలి. మొగుడూపెళ్లాలిద్దరూ ధర్మవరం బస్సెక్కారు. ప్రేమ్ కుమార్ కొట్టులో షరీఫాబీ గంటసేపు చూసి చిలకపచ్చ చీరొకటి ఎంచింది. ప్రేమ్ కుమార్ మడత పెట్టి, అందులో రంగురంగుల అచ్చు అట్ట ఒకటి దూర్చాడు.

"ఇదేమి? తిమ్మరాజు సారు రాసేది పెట్టప్పా. షహీన్ అదే అడిగింది" అంది షరీఫాబీ.

"సారు రాసేది నిలిపేసినాడమ్మా. అక్షరం సాగడంల్యా, పాపం. పోయిన కార్తీకంలో ఒక పెండ్లికూతురి పేరు మీద ఇంత సిరా బొట్టు కారింది. మంచిది కాదని వాళ్లు చీర తిప్పి పంపినారు. ఆ పొద్దు నుంచి సారు ఈ పక్కకే రాలేదు."

హిదాయతుల్లా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. ఆ పెన్ను జేబులోనే ఉంది. గుమ్మం దాటి బయటికొచ్చి ఎండలో నిలబడ్డాడు.

సారును పలకరించి పోదామని షరీఫాబీ పట్టుబట్టింది. ఏ సాకు చెప్పాలో ఆయనకు తోచలేదు. తిమ్మరాజు సారు వరండాలో కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. భార్య అక్కమ్మ నీళ్లు తెచ్చిచ్చి, అడక్కుండానే చెప్పుకొచ్చింది. చెయ్యి ఎందుకు మాట వినడం లేదో తేల్చుకుందామని బెంగళూరుకు పోయి తలకు స్కానింగ్ తీయించారు. ఏమీ కనబడలేదు. అయినా మాత్రలు ఇచ్చారు. మింగితే మగత, మింగకపోతే భయం.

"అన్నం గూడ చెంచాతో తింటాండాడన్నా. చెయ్యి మీద నమ్మకం పోయింది" అంది అక్కమ్మ.

సారు పాడైపోయిన అట్టల కట్ట తెచ్చి చూపించాడు. సన్నగా రావలసిన తలకట్లు లావుగా, ఒత్తులు సిరాలో మునిగి ఉన్నాయి. అది ఏ పాళీ చేసే పనో హిదాయతుల్లా చూడగానే చెప్పగలడు. తన దుకాణం డబ్బాలో ఆ రకానివి ఇంకా రెండున్నాయి.

"నలభై ఏండ్లు రాసిన చెయ్యి. ఉన్నట్టుండి ఇట్ల చేసింది చూడప్పా" అన్నాడు సారు.

"వయసు సార్. ఎవురికైనా వచ్చేదే" అన్నాడు హిదాయతుల్లా.

ఆ మాట ఎలా అనగలిగాడో ఆయన్నే అడగాలి. పాళీ తీసుకోవడం ఆశ అనుకుందాం, ఆశ ఎవరికైనా పుడుతుంది. కానీ ఎదుటి మనిషి తన చేతిని తాను అనుమానిస్తూ కూర్చుంటే, అవును నీ చెయ్యే పోయిందని తల ఊపి రావడానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు. అనేశాడు. అని, బస్సు టైమయిందని లేచాడు.

పెనుకొండ బస్టాండులో బస్సు ఆగింది. "దిగు, గాలాడడంల్యా" అని భార్యను దింపాడు. బెంచీ మీద కూర్చుని జేబులోంచి పెన్ను తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. తల వంచుకుని, ఆమె ముఖం చూడకుండా మొత్తం చెప్పాడు. పెళ్లయి ముప్పై ఆరేళ్లు, ఏ తప్పు చేసినా ఏదో ఒకటి అని నవ్వించి బయటపడే మనిషి ఆ రోజు నవ్వులమాట ఒక్కటీ కలపలేదు.

షరీఫాబీ పెన్ను చేతిలోకి తీసుకుంది. "దేవుని మాటలు రాసింది దీంతోనేనా?" అంది.

"ఊ."

"నేను ఊరంతా చెప్పుకుంటినే." కొంగుతో ముఖం తుడుచుకుని, పెన్ను ఆయన చేతిలో పెట్టేసి, చీర సంచీ చంకన పెట్టుకుంది. "హిందూపురం బస్సు నేనెక్కుతా. ధర్మవరం బస్సు నువ్వెక్కు. చెప్పకుండా ఇంటికి రావద్దు."

ధర్మవరం చేరేలోపు మనసు ఇంకో దారి వెతికింది. చెప్పడమెందుకు, పాళీ మార్చేసి వస్తే పోలా? సారు రాత సారుకొస్తుంది, తన మానం తనకుంటుంది. మొన అరగదీసిన సంగతి గుర్తొచ్చినా, మెత్తటి పాళీ కదా, ఎలాగోలా రాస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

"ఏమప్పా, మళ్లా వస్తివి?" అన్నాడు సారు.

"మీ పెన్ను ఒకసారి చూస్తా సార్. మనసు ఊరుకోలేదు."

సారు కళ్లలో వెలుగొచ్చింది. అదే హిదాయతుల్లాకు ఎక్కువ గుచ్చుకుంది. అక్కమ్మనడిగి వేడినీళ్లు తీసుకుని పెరట్లోకి పోయాడు. నాలుక ముంచాడు, నొక్కాడు, బంగారు పాళీని దాని ఇంట్లోకి పంపించాడు. తుడిచి తెచ్చి సారు చేతికిచ్చాడు.

సారు కొత్త అట్ట తీసుకున్నాడు. "నీ మేనకోడలి పేరేమన్నావు? షహీనా?" అని ఊపిరి బిగబట్టి మొదలుపెట్టాడు. ఎడమకు తిరగాల్సినచోట పాళీ గీరుకుంది. సన్నం ఉండాల్సినచోట లావు, లావుండాల్సినచోట వెంట్రుకలా సన్నం. నాలుగో అట్ట వరకూ రాసి, సారు పెన్ను కింద పెట్టేశాడు. తర్వాత సారే హిదాయతుల్లా భుజం తట్టాడు.

"బాధపడొద్దప్పా. నువ్వు చేయగలిగింది నువ్వు చేసినావు. నిబ్బు మంచిదే. చెయ్యే పోయింది. నాకు ఈ పొద్దు గట్టిగా తెలిసింది, అంతే. ఇంక అక్కమ్మకు గూడ ఆశ పెట్టను."

ఇక వెళ్లిపోవచ్చు. పాళీ ఎవరిది వారికి చేరింది. అనుమానించేవాళ్లు లేరు. తలుపు తెరిచే ఉంది, చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. హిదాయతుల్లా లేచి గుమ్మం దాకా వచ్చాడు కూడా. ఒక చెప్పులో కాలు పెట్టాడు. లోపల అక్కమ్మ మాత్రల డబ్బీ తెరిచిన చప్పుడయింది.

"ఆ మాత్రలు ఇయ్యొద్దక్కా" అన్నాడు. వెనక్కొచ్చి సారు ముందు నేలమీద కూర్చున్నాడు. "సార్, చెయ్యి పోలేదు. నిబ్బు నేను దొంగలించినా. ఆషాఢంలో తీసుకుని వేరే కంపెనీది పెట్టి ఇస్తిని. ఇప్పుడు తెచ్చి పెట్టింది మీదే. కానీ నా రాతకని మొన అరగదీసుకున్నా. ఇంక అది మీకు రాయదు. యా రాయి మీద రుద్దినా రాదు."

అక్కమ్మ డబ్బీ మూత పెట్టేసింది. సారు పెన్ను ఎత్తి, వెలుతురుకు పట్టి, మొనను గోటితో తడిమి చూశాడు.

"పొద్దున వయసు అంటివే" అన్నాడు.

హిదాయతుల్లా తల ఇంకా కిందికి పోయింది. "తప్పయింది సార్. నన్ను..."

"నాకు కాదప్పా." సారు గొంతు పెంచలేదు. "ఇది చెడిందని పది నెలలు తిడతాండా. బువ్వ గూడ ముట్టనీలేదు దీన్ని. గోడకేసి కొట్టుకున్న పొద్దు గూడ ఉండాది. చెప్పేదుంటే దీనికి చెప్పు."

కుడిచెయ్యి చాపి హిదాయతుల్లా ముఖం ముందు పెట్టాడు. నడిమి వేలి పక్కన కలం ఆనిన చోట కాయ కాచి, సిరా ఇంకి, నీలంగా ఉంది. ఆ చెయ్యి పిసరంతైనా వణకడం లేదు.

హిదాయతుల్లా దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "తప్పయింది" అన్నాడు. ఒకసారి చాలలేదు, మళ్లీ అన్నాడు. సారు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పర్వాలేదని కూడా అనలేదు.