పక్కింటి ముద్ద మందారం, నా కళ్లు

పక్కింటి మందారం విరగబూస్తుంటే మీకెప్పుడైనా కడుపు మండిందా? నిజం చెప్పండి. ఆ రోజుల్లో నాకు పొద్దున లేస్తే అదే మంట. అచ్చంపేటలో కొత్తగా పంతులు ఉద్యోగం. సాయంత్రమైతే దిష్టి, చేతబడి ఉత్త అబద్ధాలని వీధి చివర ఉపన్యాసం (వినేవాళ్లలో సగంమంది మిర్చి బజ్జీల కోసం వచ్చేవారు). అద్దె ఇంటి ముందు ఒక మందారం పెట్టాను. ఎరువేశాను, పుస్తకం చదివి మరీ కొమ్మలు కత్తిరించాను. మొగ్గలు వచ్చేవి, విచ్చకముందే రాలిపోయేవి. గోడ అవతల పక్కింటి అక్క ముద్ద మందారం మాత్రం ఆకు కనబడకుండా పూసేది. పైగా ఆ పూలను ఆమె రోజూ ఫోన్‌లో స్టేటస్ పెట్టేది. నేను పళ్లయినా తోముకోకుండా చూసేవాణ్ణి.

ఒకసారి ఆమె చెట్టుకు తెల్ల పురుగు పట్టింది. పిండి చల్లినట్టు కొమ్మలన్నీ తెల్లబడి, మొగ్గలు ముడుచుకుపోయాయి. నా మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. అంతలోనే అక్క వాకిట్లో నిలబడి వీధంతా వినేలా అందుకుంది.

“సారూ, పొద్దుగాల లేవంగనే నా స్టేటస్ మొదలు చూసేది నువ్వే. నీ కండ్లే పడ్డయి!”

“కండ్లల్ల ఏముంటదక్కా? అది పురుగు. దిష్టి అనేదే లేదు.”

“లేదా? నీ చెట్టు ఎందుకు పూస్తలేదు మరి? దాన్ని గూడ నువ్వే చూస్తవ్ గద!”

వీధి నవ్వింది. ఆ చెట్టు చస్తే నా కడుపుమంట చల్లారుతుంది. కానీ దిష్టి ఉందని ఊరంతా నమ్ముతుంది, ఇక నేను నోరు తెరిచే వీలుండదు. అంటే, ఏ చెట్టును చూసి ఏడుస్తున్నానో దాన్నే నేను బతికించాలి!

బతికించాను. పాత బ్రష్‌తో పురుగును గీకి, పాడైన కొమ్మలు కోసి, సబ్బునీళ్లలో వేపనూనె కలిపి కొట్టాను (ఏడుస్తూనే). అది కొత్త చిగుళ్లు వేసి, మునుపటికంటే ఎక్కువగా పూసింది.

“చూసినవా అక్కా? రోజూ దగ్గర్నుంచే చూసిన. ఏమైంది?” అన్నాను గర్వంగా.

“ఏమైతది! ఆకుల సాటున కొమ్మకు పాత చెప్పు కట్టిన గద. నీ వాకిట్ల పడుంటే తెచ్చిన. ఎవరి దిష్టికి వాళ్ల చెప్పే మంచిగ పనిచేస్తది.”

వారం నుంచి నేను వెతుకుతున్న చెప్పు అది!

ఇప్పుడు నాగర్‌కర్నూల్లో ఉంటున్నాను. అచ్చంపేట వెళ్లినప్పుడల్లా ఆ గోడ దగ్గర బండి ఆపుతాను. చెప్పు ఎప్పుడో ఊడిపోయింది. నాకు ఇంకా మండుతుంది, అది ఇంకా పూస్తోంది. గెలిచానని తెలియక, చెప్పు చేతిలో ఓడిపోయాననుకుని ఆ పూట అన్నం మానేసిన కుర్ర పంతులు గుర్తొచ్చి నవ్వుకుంటాను. మీరూ రేపు పొద్దున్నే పక్కింటి చెట్టును మనసారా ఏడుస్తూ చూడండి. అది వాడకపోతే, మీ గుమ్మానికి వేలాడే గుమ్మడికాయను దించి పులుసు పెట్టుకోండి.