వాన ట్రాక్‌లో పదకొండు సెకన్లు

మా అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు. మెట్ల కింద చిన్న కొట్టు, అందులో ఒక బల్ల, ఒక దీపం, కుడికంటికి తగిలించుకునే భూతద్దం. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. సినిమాలకు పోడు, పేకాట ఆడడు, చుట్టాలింటికి వెళ్తే వాళ్ల గోడగడియారం సరిచేసి వచ్చేస్తాడు. అలాంటివాడు ఒకరోజు పక్కనే ఉన్న నా జిరాక్స్ షాపులోకి వచ్చి, "చెల్లాయ్, ఎమ్యులేటర్ అంటే ఏంటే?" అని అడిగితే నేను నోరు వెళ్లబెట్టాను.

సంగతేమిటంటే, చిన్నప్పుడు మా వీధి చివర ఒక వీడియో గేముల పార్లరు ఉండేది. అందులో పడవ పందేల ఆట ఒకటి. బడి వదలగానే అన్నయ్య, తన స్నేహితుడు తోక అక్కడే తేలేవాళ్లు. అన్నయ్య ఎటు వెళ్తే అటు వచ్చేవాడు కాబట్టి అతనికి తోక అని పేరు పెట్టింది నేనే. ఆ ఆటలో చివరిది వాన ట్రాక్. ఇద్దరూ కలిసి గెలిస్తేనే ఆట పూర్తవుతుంది. వాళ్లు గెలవకముందే పార్లరు మూతపడింది. సామాన్లు అమ్మేస్తున్న రోజున అన్నయ్య బతిమాలి ఆ డిస్క్ తెచ్చుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా అది గడియారం బెల్టుల సొరుగులో ఉంది.

పాత గేమ్ మిషన్ చేసే పనిని కంప్యూటర్ చేత చేయించే సాఫ్ట్‌వేరే ఎమ్యులేటర్ అని చెప్పాను. అంతే, నాలుగు నెలలు నా బుర్ర తినేశాడు. కొత్త ఆటలు ఆడేవాళ్లు గ్రాఫిక్స్ కార్డు మీద ప్రాణం పెడతారని, ఈ పాత ఆటకి అంత అక్కర్లేదని తనే చదివి తెలుసుకున్నాడు.

"దీనికి ప్రాసెసర్ ముఖ్యం చెల్లాయ్. పది చేతులు అక్కర్లేదు, ఒక్క చెయ్యే చురుగ్గా కదలాలి. మా పనిలాగే."

కావాల్సిన భాగాలన్నిటికీ చీటీ రాశాడు. కార్డు చవకది. కంప్యూటర్ డబ్బా ఎవరో పారేయబోయినది. కీబోర్డు నా షాపులోదే, ఒక అక్షరం ఊడిపోయింది. ఇప్పుడెవరూ కొనని డిస్క్ డ్రైవు ఒకటి. రంగురంగుల లైట్లు వద్దు. ప్రాసెసర్ దగ్గర మాత్రం రాజీ లేదు, దాని పేరు కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీశాడు.

తోకకి ఇప్పుడు సొంత కంప్యూటర్ల షాపు ఉంది. భాగాలు నేను తెప్పిస్తానంటే అన్నయ్య ఒప్పుకోలేదు. "వాడుండగా ఇంకొకడి దగ్గర కొంటానా? రేపు వాడి మొహం ఎలా చూడను?" అన్నాడు.

బిగించే రోజు తోక షాపుకి నేనూ వెళ్లాను. గడియారాల పనిలో ఒక మర్యాద ఉందట. ఒక పనివాడు బిగిస్తుంటే ఇంకో పనివాడు అతని చేతుల వంక చూడకూడదు. చూడటమంటే అనుమానించడమే. అన్నయ్యకి పని నేర్పిన పెద్దాయన ఇది చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. అందుకని తోక స్క్రూడ్రైవర్ తీయగానే మా అన్నయ్య కుర్చీ వీధివైపు తిప్పుకుని కూర్చున్నాడు. నేను ఫోన్ వస్తే బయటికెళ్లాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మొదటి ఆదివారం తోక మా ఇంటికొచ్చాడు. ఇద్దరూ చెరో కంట్రోలర్ పట్టుకుని చిన్నపిల్లల్లా అరుచుకున్నారు. ముందు ట్రాకులన్నీ హాయిగా నడిచాయి. వాన ట్రాక్‌కి వచ్చేసరికి పాట సాగదీసినట్టు వినిపించింది, పడవలు ఈడ్చుకుంటూ కదిలాయి.

"ఇదేంట్రా ఇలా ఉంది?" అన్నాడు అన్నయ్య.

తోక తెరమీంచి కళ్లు తిప్పలేదు. "ఎప్పుడూ ఇంతే కదరా. వాన ట్రాక్ నిదానమే. నువ్వే మర్చిపోయావ్."

అన్నయ్య నమ్మాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. తోక మాట ముందు తన చెవుల్ని తనే నమ్మలేదు. వారమంతా కొట్లో ముభావంగా కూర్చున్నాడు. "ఇన్నేళ్లూ ఏదో గొప్పగా ఊహించుకున్నానేమో చెల్లాయ్," అన్నాడు.

కానీ ఎంతైనా గడియారాల మనిషి. మరుసటి ఆదివారం పొద్దున్నే వాన ట్రాక్ పెట్టి, స్టాప్‌వాచ్ తెచ్చి తెర పక్కన పట్టుకున్నాడు. ఆటలో పైన టైము కనిపిస్తుంది. అక్కడ అరవై సెకన్లు అయ్యేసరికి చేతిలో డెబ్భై ఒకటి. మూడుసార్లు కొలిచాడు.

"తోక గుర్తు తప్పొచ్చు. కానీ ట్రాక్ నిదానమైతే పడవలు నిదానించాలి, ఆటలో గడియారం కాదే," అన్నాడు మెల్లగా.

నేను మౌస్ లాక్కుని రెండు నొక్కులు నొక్కాను. తెరమీద ప్రాసెసర్ పేరు వచ్చింది. అది చీటీలో ఉన్నది కాదు. పదేళ్ల నాటి పాతది. అన్నయ్య చీటీ తీసి పక్కన పెట్టి, భూతద్దం అక్కర్లేకపోయినా తగిలించుకుని, ఒక్కో అక్షరం పోల్చి చూశాడు.

మర్నాడు కంప్యూటర్ మోసుకుని తోక షాపుకి వెళ్లాం. తోక చీటీ చూడగానే తల దించుకున్నాడు.

"ఆ రోజు ఇంకో కస్టమర్ అర్జెంటుగా అడిగాడ్రా. నువ్వు రాసిన ప్రాసెసర్ చిప్ ఉన్నది ఒక్కటే. నీ పాత ఆటకి ఇది సరిపోతుందనుకున్నా."

"సరిపోలేదని ఆదివారం నీ కళ్లతో చూశావ్ కదా, తోకన్నా!" అన్నాను నేను.

"చూశాను. తర్వాత మెల్లగా మార్చేద్దామనుకున్నా. ఇప్పుడే మార్చేస్తా, స్టాకు వచ్చింది."

అన్నయ్య గొంతు పెంచలేదు. "చిప్ లేదంటే ఆగేవాణ్ణి కదరా. ఇరవై రెండేళ్లు ఆగాను, ఇంకో నెల ఆగలేనా? ఎప్పుడూ ఇంతే అన్నావ్. నేను నా చిన్నతనాన్నే అనుమానించుకున్నాను."

తోక కొత్త చిప్ డబ్బా విప్పి, మా కంప్యూటర్ మూత తీశాడు. పోయినసారి లాగే కుర్చీ వీధివైపు తిప్పి అన్నయ్యకి జరిపాడు.

అన్నయ్య కుర్చీలో కూర్చోలేదు. బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. జేబులోంచి భూతద్దం తీసి కంటికి తగిలించుకుని, తోక చేతుల మీదికి వంగాడు. మొదటి స్క్రూ తోక చేతిలోంచి జారి కిందపడింది. అన్నయ్య దాన్ని తీసి బల్ల మీద పెట్టి, మళ్లీ ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు.